కమిషనర్ గారి పసుపు పిన్ను

మా వేగులవలస మున్సిపాలిటీకి పటం లేదన్న సంగతి ఇన్నేళ్ళలో ఎవరికీ ఇబ్బంది కలిగించలేదు. బస్సు దిగితే ఊరు కనిపించేది. ముక్కు పనిచేసేవాళ్ళకి బస్సు దిగకముందే తెలిసేది. అలాంటి ఊరికి పటం లేకపోతే పూట గడవదని మా కమిషనర్ పరాంకుశం గారికి పట్నంలో ఒక ఏసీ హోటల్లో, మూడు రోజుల శిక్షణలో, రెండో రోజు భోజనాల తర్వాత తెలిసింది.

సోమవారం పొద్దున్నే మమ్మల్నందరినీ మీటింగు హాల్లో కూర్చోబెట్టి గోడ మీద తెర దింపించారు. ఇంటర్నెట్‌లో పైసా ఖర్చు లేకుండా ఎవరి పటం వాళ్ళే తయారు చేసుకోవచ్చట. ఫోను తెరవాలి, మీట నొక్కాలి, పిన్ను గుచ్చాలి, పేరు రాయాలి, రంగు ఎంచుకోవాలి, అంతే. మొదటి పిన్ను ఆయనే గుచ్చారు, సొంత బంగళా మీద. రంగు ఎంచుకోవడానికి పదకొండు నిమిషాలు పట్టింది. చివరికి పసుపు ఖాయమైంది. మేం చప్పట్లు కొట్టాం. ఇంజనీరు జగ్గారావు గారు మాత్రం చప్పట్లతో ఊరుకోలేదు. బంగళా కంటే పిన్నే అందంగా ఉంది సార్ అన్నారు. అందుకే ఆయన ఇంజనీరు, నేను పంతొమ్మిదేళ్ళుగా జూనియర్ అసిస్టెంటు సన్యాసిరావుని.

సాయంత్రానికి సర్క్యులర్ వచ్చింది. ఇందుమూలముగా సమస్త సిబ్బందికి తెలియజేయునది ఏమనగా అని మొదలై, ఊళ్ళోని కుళాయిలు, వీధి దీపాలు, చెత్తకుండీలు, స్పీడు బ్రేకర్లు, వీధి కుక్కలు వగైరా సమస్తమూ శుక్రవారం లోగా పటమున గుచ్చబడవలెనని చెప్పింది. ఆపైన పటమున లేనిది ఊరిలో లేనట్లే పరిగణింపబడును. ఒకసారి గుచ్చిన పిన్ను కదలరాదు, కదలదు, కదిలినట్లు ఎవరూ భావించరాదు. కదపవలసిన అగత్యమే ఏర్పడితే త్రిసభ్య కమిటీ తీర్మానించవలెను. కమిటీలో కమిషనర్ గారు, ఇంజనీరు గారు, టౌన్ ప్లానింగ్ అధికారి. ఈ మూడో ఉద్యోగం నాలుగేళ్ళుగా ఖాళీ.

ఇక్కడ మా ఆఫీసు ఆచారం ఒకటి చెప్పాలి. మా దగ్గర ఫీల్డు తనిఖీ అంటే ఫ్యాను కింద చేసేది. ఎండలో తిరిగి రాసిన రిపోర్టులో చెమట మరకలుంటాయని, రికార్డు పాడవుతుందని, మా పెద్దవాళ్ళ కాలం నుంచీ కుర్చీలో కూర్చునే రాయడం అలవాటు. ఏ కాలువలో ఎంత మురుగు పేరుకుందో కుర్చీలోంచి కదలకుండా అంగుళాలతో సహా చెప్పగలం. ఇలాంటి సిబ్బంది ఇంకో ఊళ్ళో ఉంటే చూపించండి, గుండు గీయించుకుంటాను.

కాబట్టి పటం పని కూడా అలాగే మొదలుపెట్టాం. పదకొండు మందిమి ఫ్యాను కింద చేరాం. పాత రిజిస్టరు తెరిచి ఒకరు చదువుతుంటే మిగతావాళ్ళం ఫోన్లు పట్టుకున్నాం. అందులో 'నేనిప్పుడున్న చోటు' అని ఒక మీట ఉంది. అది నొక్కితే పిన్ను దానంతటదే గుచ్చుకుంటుంది. ఇంత సుఖమైన మీట నా సర్వీసులో చూడలేదు. నాలుగు వందల పన్నెండు కుళాయిలు మధ్యాహ్నం టీకి ముందే అయిపోయాయి. గానుగుల వీధి కుళాయి, నంబరు నూట పదిహేడు, నేనే గుచ్చాను. ఎడం చేత్తో నొక్కానని కూడా గుర్తుంది, ఎందుకంటే కుడి చేతిలో ఇడ్లీ ఉంది. ఆ ఇడ్లీ గానుగుల వీధి పైడమ్మది. మా ఆఫీసు గేటు పక్కన ఆవిడ బండి లేనిదే మాకు తెల్లారదు.

శుక్రవారం దాకా ఎందుకు, మంగళవారమే ఊరంతా పటం ఎక్కేసింది. కమిషనర్ గారు తెర మీద చూసుకుని పొంగిపోయారు. ఒక్క క్షణం ఆగకుండా పటాన్ని ప్రాంతీయ సంచాలకులకు పంపేశారు. ఊళ్ళో ప్రతి వార్డు వాట్సాప్ గ్రూపులోనూ దాని లింకు పెట్టించారు. రాష్ట్రంలోనే అత్యంత వేగంగా పటం చేసిన పట్టణం మీదేనని, రెండు వారాల్లో స్వయంగా వచ్చి పురస్కారం అందిస్తామని సంచాలకుల నుంచి జవాబు కూడా వచ్చేసింది.

ఆ తర్వాత ఆయన పటాన్ని వేళ్ళతో పెద్దది చేసి చూశారు. ఊళ్ళో ఎక్కడా ఏమీ లేదు. కుళాయిలూ దీపాలూ కుండీలూ స్పీడు బ్రేకర్లూ కుక్కలూ మొత్తం మా ఆఫీసులో, అందులోనూ మా గదిలో, కచ్చితంగా చెప్పాలంటే ఫ్యాను కింద ఉన్నాయి. దూరంగా పసుపు పిన్ను ఒక్కటే ఒంటరిగా మెరుస్తోంది.

 నా ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. ఇంటికెళ్ళి మా ఆవిడకి ఎలా చెప్పాలో వాక్యాలు కూడా కూర్చుకున్నాను. కమిషనర్ గారు కళ్ళద్దాలు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని నోరు విప్పారు.

"సాంకేతికంగా పరిశీలిస్తే పటంలో దోషమేమీ లేదు. పట్టణమే ఇంకా పటానికి అనుగుణంగా లేదు. రెండు వారాల్లో అనుగుణపరచండి."

అలా మొదలైంది. ముందు స్పీడు బ్రేకర్లు వచ్చాయి. పటం ప్రకారం ఊళ్ళోవి ముప్పై ఒకటీ ఆఫీసులోనే ఉండాలి గనక, గేటు నుంచి మెట్ల దాకా ఉన్న అరవై అడుగుల్లో వరసగా వేయించారు. కమిషనర్ గారి జీపు గేట్లోకి వచ్చేసరికి బంట్రోతు నడుచుకుంటూ ఎదురెళ్ళి, ఫైలు అందించి, సంతకం పెట్టించుకుని, వెనక్కి వచ్చి మంచినీళ్ళు తాగేవాడు. జీపు అప్పటికి పద్నాలుగో బ్రేకరు మీద ఉండేది. ఆ సంతకాలు ఎవరివో తర్వాత బ్యాంకువాళ్ళు పోల్చుకోలేకపోయారు.

తర్వాత చెత్త బళ్ళు. కుండీలన్నీ ఇక్కడే ఉన్నాయి కాబట్టి ఊరి చెత్త తెచ్చి ఇక్కడే పోయడం మొదలుపెట్టారు. దీపాల స్తంభాలు పీకి తెచ్చి ఆఫీసు చుట్టూ దడిలా పాతారు. అన్నిటికంటే కుక్కలు పట్టేవాళ్ళ కష్టం చూడలేకపోయాను. పటంలో రెండు వందల పన్నెండు కుక్కలు మా ఆఫీసులో ఉన్నాయి. ఊళ్ళో పట్టుకుంటే లెక్కకి రాదు. పాపం, వాళ్ళు బిస్కెట్లు వేసి, బతిమాలి, బామాలి ఊరి కుక్కల్ని మా వరండా దాకా నడిపించుకొచ్చి, అప్పుడు వల వేసేవారు. రెండో రోజుకి కుక్కలకి సంగతి అర్థమైపోయింది. బిస్కెట్లు తిని, వరండాకి కాస్త ఇవతలే ఆగిపోయి, తోక ఊపేవి. మా ఆఫీసులో సర్క్యులరు చదివి అర్థం చేసుకున్నవి అవి మాత్రమే.

ఇంత సందడిలోనూ ఒక తిక్క సంగతి ఏమిటంటే, నాకు సంతోషంగానే ఉంది. పంతొమ్మిదేళ్ళలో ఆఫీసుకి ఇంత కళ ఎప్పుడూ రాలేదు. ఆ సంతోషం ఐదో రోజు పొద్దున్న పైడమ్మ బండి రాకపోవడంతో ఆగిపోయింది.

పదింటికి ఆవిడే వచ్చింది, ఖాళీ బిందె చంకన పెట్టుకుని. గానుగుల వీధి కుళాయి తల ఊడిపోయిందట. చుక్క నీళ్ళు రావడం లేదు. నలభై ఇళ్ళవాళ్ళు రైలు గేటు అవతలికెళ్ళి మోసుకొస్తున్నారు. మినపపప్పు కడగడానికే పది బిందెలు కావాలి, గేటు పడితే గంట పడిగాపులు, అందుకని బండి ఆపేసింది. బండి ఆగితే ఇంట్లో నలుగురికి పస్తు. కుళాయికి తల పెట్టించండి బాబూ, ఇంకేం వద్దు అంది.

జగ్గారావు గారు తెర వెలిగించి పటంలో గానుగుల వీధి తీశారు. ఖాళీగా ఉంది. నీ వీధిలో కుళాయి లేదు, లేనిదానికి తల ఎలా పెడతాం అన్నారు.

"నేదంతే ఎలా బాబూ? ఇరవై రెండేళ్ళ నుంచి ఆ నీళ్ళతోనే గదా మీకు ఇడ్లీలు ఎడతన్నాను" అంది పైడమ్మ.

జగ్గారావు గారు కలం మూత తీశారు. "అంటే లేని కుళాయి నుంచి ఇరవై రెండేళ్ళుగా అనధికారికంగా నీళ్ళు వాడుకున్నట్టు అంగీకరిస్తున్నావన్నమాట. ఇది తీవ్రంగా పరిగణించవలసిన విషయం."

పైడమ్మ నా వంక చూసింది. నేను రిజిస్టరు వంక చూశాను. పిన్ను మార్చాలంటే త్రిసభ్య కమిటీ కూర్చోవాలని, మూడో సభ్యుడు వచ్చాక కూర్చుంటుందని, ఆయన్ని ప్రభుత్వం వేశాక వస్తాడని జగ్గారావు గారు ఆవిడకి మర్యాదగానే చెప్పి పంపారు. ఆవిడ బిందె చంక మార్చుకుని వెళ్ళిపోయింది. తిట్టినా బాగుండేది.

ఆ రోజంతా నాకు మనసు మనసులో లేదు. నూట పదిహేడో నంబరు నేను గుచ్చిందే. ఆవిడ ఇడ్లీ తింటూ ఆవిడ కుళాయి మాయం చేశాను. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం అంటే ఏమిటో నాకు చిన్నప్పుడు మా మేష్టారు బెత్తంతో చెప్పినా అర్థం కాలేదు, ఇప్పుడయింది. సిగ్గేసింది. సాయంత్రం ఆఫీసు వదలగానే గానుగుల వీధికి వెళ్ళాను. నా సర్వీసులో మొదటి ఫీల్డు తనిఖీ అదే.

పైడమ్మ అరుగు మీద కూర్చుని ఫోన్లో సీరియల్ చూస్తోంది. జరిగింది మొత్తం చెప్పేశాను, ఎడం చేతి సంగతితో సహా. ఆవిడ నవ్వింది. ఆ నవ్వుకి నా ప్రాణం లేచొచ్చింది. అప్పుడు ఆవిడ ఫోన్లో వార్డు గ్రూపు తెరిచి, కమిషనర్ గారు పెట్టించిన లింకు నొక్కి చూశాను. కొంపలు మునిగే సంగతి ఒకటి కనిపించింది. చూడడానికి మాత్రమే ఇవ్వాల్సిన లింకుని, ఆయన అందరూ మార్చడానికి కూడా ఇచ్చేశారు. ఆ పాఠం మూడో రోజు మధ్యాహ్నం చెప్పి ఉంటారు, అప్పటికి ఆయన షాపింగులో ఉన్నారు.

వేలితో పిన్ను పట్టుకుని ఎలా జరపాలో నేర్పాను. నూట పదిహేడుని పట్టుకుని ఆవిడే గానుగుల వీధికి తెచ్చుకుంది. రెండు నిమిషాల పని.

మర్నాడు పైడమ్మ మళ్ళీ ఆఫీసుకొచ్చింది. జగ్గారావు గారు తెర చూశారు, కళ్ళు నులుముకున్నారు, మళ్ళీ చూశారు. కుళాయి ఉంది. పిన్ను కదిలిందనడానికి సర్క్యులరు ఒప్పుకోదు కాబట్టి ఉంది అనే ఒప్పుకున్నారు. అయితే దరఖాస్తు పెట్టుకో, అంచనా వేయిస్తాం, మంజూరుకి పంపుతాం, తొంభై పనిదినాల్లో పూర్తవుతుంది అన్నారు. ఆయన గొంతులో ఏ ద్వేషమూ లేదు. నిమ్మకు నీరెత్తినట్టు చెప్పారు.

పైడమ్మ ఆఫీసు మెట్ల మీద కూర్చుంది. నేనూ వెళ్ళి ఒక మెట్టు కింద కూర్చున్నాను.  ఆవిడ చాలాసేపు ఫోన్లో పటం చూస్తూ కూర్చుని, ఆ పసుపుపచ్చది ఏటి బాబూ అని అడిగింది. కమిషనర్ గారి బంగళా అన్నాను. అక్కడ కుళాయి చెడిపోతే ఎన్నాళ్ళకి బాగుచేస్తారు అంది. చెడిపోకముందే బాగుచేస్తారు అన్నాను. నిజమే చెప్పాను.

"అయితే కుళాయిని జరుపుకుని ఏటి లాభం బాబూ? మా ఈదిలో కుళాయి ఎప్పుడూ ఉన్నదే. లేనిదల్లా కమిషనర్ గారు."

అని పసుపు పిన్ను మీద వేలు పెట్టింది. నేను తలెత్తి ఆకాశం వంక చూశాను. మబ్బులు బాగున్నాయి. మళ్ళీ తల దించేసరికి కమిషనర్ గారి నివాసం గానుగుల వీధిలో, పైడమ్మ ఇంటి పక్క ఖాళీ పెంకుటింట్లో ఉంది.

పావుగంటలో జగ్గారావు గారు గదిలోంచి ఊడిపడ్డారు. కమిషనర్ గారింటి ఎదురుగా కుళాయికి తల లేదట, ఎవరి నిర్లక్ష్యమిది అని అందరినీ కడిగేశారు. నలభై నిమిషాల్లో తల వచ్చింది. అదీ మామూలుది కాదు, ఇత్తడిది. మధ్యాహ్నానికి కాలువ పూడిక తీశారు, దారికి రెండు వైపులా తెల్లగా బ్లీచింగ్ పొడి చల్లారు, గుంటలు పూడ్చారు, ఆఫీసు చుట్టూ ఉన్న దీపాల్లో నాలుగు తెచ్చి పాతారు. సాయంత్రం పైడమ్మ పప్పు నానబోసింది. నేను దూరం నుంచి చూసి, పిచ్చివాడిలా నవ్వుకుంటూ ఇంటికెళ్ళాను.

అసలు బంగళా దగ్గర పరిస్థితి వేరు. పటంలో అక్కడ ఏమీ లేదు. నీళ్ళ సిబ్బంది వచ్చి ఖాళీ స్థలానికి గొట్టమెందుకని కట్టేసి పోయారు. ఇంకో ఇద్దరు వచ్చి గేటు ముందు గుంట తవ్వి, 'ఇది ఖాళీ స్థలము, చెత్త వేయరాదు' అన్న బోర్డు పాతారు. కమిషనర్ గారు బనీనుతో బయటికొచ్చి, నేను ఇక్కడ ఉన్నాను కదయ్యా అని అడిగారట. సర్క్యులరు ప్రకారం లేరండి అని వినయంగా చెప్పి, సెల్యూటు కొట్టి మరీ వెళ్ళారు.

ఆయన ఆఫీసుకొచ్చి, ముప్పై ఒక్క బ్రేకర్లూ దాటి, కుదురుకుని, పిన్ను వెంటనే వెనక్కి జరపమన్నారు. జగ్గారావు గారు సర్క్యులరు తీసి ఆయన సంతకం ఆయనకే చూపించారు. పిన్ను కదలదు. కదలదు గనక కదలలేదు. కదలలేదు గనక తమ బంగళా మొదట్నుంచీ గానుగుల వీధిలోనే ఉంది సార్, త్రిసభ్య కమిటీ కూర్చుంటే తప్ప ఇంకెక్కడా ఉండే వీలు లేదు అన్నారు. ఎవరు జరిపారో విచారణ చేయిద్దామంటే, జరిగిందని ముందు ఒప్పుకోవాలి. కమిషనర్ గారు కుక్కిన పేనులా కూర్చుండిపోయారు. నేను దినపత్రికలో వంటల పేజీ శ్రద్ధగా చదివాను.

మర్నాడు గురువారం. సంచాలకులు వచ్చే రోజు. ఏ ఊరెళ్ళినా ముందు కమిషనరింట్లో కాఫీ తాగడం ఆయన అలవాటు. డ్రైవరు ఫోన్లో పటం చూసి నడుపుతాడు. ఆ సంగతి తెల్లవారాక కమిషనర్ గారికి తట్టింది. బంగళాలో నీళ్ళు లేవు, స్నానం లేదు. ఒక బకెట్టు, ఒక తువ్వాలు పట్టుకుని గానుగుల వీధికి పరుగెత్తారు. అక్కడ స్నానం చేసి, పక్క పెంకుటింటి అరుగు మీద ఇంటి యజమానిలా నిలబడాలని ఆయన ఎత్తు. కానీ కుళాయి దగ్గర వరస ఉంది. వరసలో ఉండగానే సంచాలకుల కారు వచ్చి ఆగింది.

సంచాలకులు దిగారు. భుజాన తువ్వాలు, చేతిలో బకెట్టు, గడ్డం మాసిన కమిషనరు ఆడవాళ్ళ వెనక నిలబడి ఉన్నారు. సంచాలకులకి కళ్ళు చెమర్చాయి. ప్రజల మధ్య, పెంకుటింట్లో, ప్రజల కుళాయి నీటితో జీవించే అధికారిని ముప్పై ఏళ్ళ సర్వీసులో ఇప్పుడే చూస్తున్నానన్నారు. పటం సత్యమే పలికిందన్నారు. పురస్కారం అక్కడికక్కడే ఇచ్చేశారు. పైడమ్మ నాలుగు ఇడ్లీలు పెట్టింది. ఆయన మళ్ళీ రెండు అడిగారు. వెళ్తూ వెళ్తూ, ఏ రోజైనా చెప్పకుండా ఇదే ఇంటికి కాఫీకి వస్తానని కమిషనర్ గారి భుజం తట్టారు.

ఇక ఏం చేస్తారు? సాయంత్రానికి కమిషనర్ గారు ఆ పెంకుటిల్లు అద్దెకి తీసుకున్నారు. రోజూ ఆరింటికి బకెట్టుతో వచ్చేవారు. మొదటి రోజు కాస్త గొంతు సవరించుకుని ముందుకి జరగబోతే, పైడమ్మ ఆయన బకెట్టు తీసి వెనక పెట్టింది.

"ఇత్తడి కుళాయి తమరిదే బాబూ, కాదన్ను. వరసలో మాత్రం తమరిది ఏడో బిందె."

ఎనిమిది నెలలు గానుగుల వీధిలో నీళ్ళు ఒక్క పూట ఆగలేదు. తర్వాత కమిషనర్ గారికి బదిలీ ఉత్తర్వులు వచ్చాయి. ఆయన ఆ కాగితాన్ని కళ్ళకద్దుకున్నారు. వీధి వీధంతా దిగులుపడింది. ఆ రోజు పైడమ్మ ఇడ్లీలో ఉప్పు మరిచిపోయింది. ఆయన ఎల్లిపోతే ఈ కుళాయిని ఎవరు సూత్తారు బాబూ అని నన్ను ఒకటికి మూడుసార్లు అడిగింది. 

కొత్త కమిషనర్ గారు సోమవారం మధ్యాహ్నం దిగారు. బ్రేకర్లన్నీ దాటొచ్చారేమో, నడుం పట్టుకుని నిలబడ్డారు. వెనక జీపులో పెట్టెలు, పరుపు, ఫ్రిజ్జు, కుక్కర్లు ఉన్నాయి. ఛార్జి తీసుకున్నాక మొదట అడిగింది, కమిషనర్ బంగళా ఎక్కడ అని.

జగ్గారావు గారు నన్ను చూశారు. ఆయన పెదవి చివర ఒక నవ్వు కనిపించింది. ఆయన ఇంట్లో కూడా టిఫిను పైడమ్మదేనని నాకు అప్పుడే గుర్తొచ్చింది. నేను లేచి, తెర దింపి, పటం వెలిగించి, పసుపు పిన్ను చూపించాను.

"గానుగుల వీధి సార్. బకెట్టు తెచ్చుకున్నారా?"